గల్ఫ్‌లో రూపాయి చెల్లిన రోజులు

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి ఈ ఏడాదికి అరవై ఏళ్లు. ఆ మాట వస్తే మనం ఇందిరాగాంధీ గురించీ, అమెరికా ఒత్తిడి గురించీ మాట్లాడుకుంటాం. సముద్రం అవతల ఆ దెబ్బ తిన్నవాళ్ల ఊసు రాదు.

గల్ఫ్ తీరానికీ బొంబాయికీ ముత్యాల వ్యాపారం తరతరాలది. పడవలు ముత్యాలు తెచ్చేవి. బియ్యం, బట్టలు, కలప పట్టుకెళ్లేవి. బ్రిటిష్‌వాళ్ల పట్టు పెరిగాక అక్కడ మన రూపాయే చెలామణీ అయింది. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్ బజార్లలో బేరాలు రూపాయల్లోనే.

తంటా బంగారంతో మొదలైంది. దిగుమతి మీద ఆంక్షలుండటంతో బొంబాయిలో బంగారం ధర మండిపోయేది. స్మగ్లర్లు రూపాయలు మోసుకెళ్లి దుబాయ్‌లో బంగారం కొనేవారు. ఆ నోట్లు అక్కడి బ్యాంకుల ద్వారా తిరిగొస్తే రిజర్వ్ బ్యాంకు బదులుగా పౌండ్లు ఇచ్చుకోవాలి. అసలే రెండో పంచవర్ష ప్రణాళికతో విదేశీ మారకం కరిగిపోతున్న కాలం. అందుకే 1959లో గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చువేశారు. అవే మూడు సింహాలు, అదే పది రూపాయలు. కాకపోతే రంగు ఎరుపు, నంబరు ముందు ‘జెడ్’ అక్షరం. విలువ మాత్రం మన రూపాయితో సమానం.

ముప్పు ఆ సమానత్వంలోనే ఉంది. చైనా, పాకిస్తాన్ యుద్ధాలు, 1965 కరువు, ఆగిన విదేశీ సాయం... ఇవన్నీ మన కష్టాలు. వాటి ఫలితంగా 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించడంతో పౌండు 13 రూపాయల 33 పైసల నుంచి ఒక్కసారిగా 21 రూపాయలైంది. వెయ్యి రూపాయలు దాచుకున్న దుబాయ్ వర్తకుడికి నిన్న 75 పౌండ్లు వచ్చేవి, తెల్లవారేసరికి 48 కూడా రావు. అతని ఊళ్లో కరువు లేదు, యుద్ధం లేదు. నిర్ణయం ఢిల్లీది, నష్టం అతనిది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దినార్లు తెచ్చుకుని ముందే బయటపడ్డాయి. ఖతార్, దుబాయ్ కొన్నాళ్లు సౌదీ రియాల్‌తో నెట్టుకొచ్చి, 1966లోనే ఉమ్మడి రియాల్ తెచ్చుకున్నాయి. ఒమన్ 1970 దాకా రూపాయిని వదల్లేదు. కరీంనగర్, కోనసీమల నుంచి మనవాళ్లు పెద్ద సంఖ్యలో గల్ఫ్ విమానం ఎక్కేనాటికి అక్కడ రూపాయి లేదు.

తన చేతిలో లేని కరెన్సీతో దెబ్బతిన్న మరో దేశం గ్రీస్, కానీ యూరోలో చేరిన దాని కథ వేరు. అప్పులు ముంచుకొచ్చినప్పుడు కరెన్సీ విలువ తగ్గించుకునే వీల్లేక జీతాలు, పింఛన్లు కోసింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. 2015లో ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇచ్చారు. అయినా గ్రీస్ యూరోను వదల్లేదు. గల్ఫ్ అనుభవంతో దీన్ని కొలవలేం.

మళ్లీ ఆ గల్ఫ్ దేశాలే 2010కల్లా ఒకే కరెన్సీ తెద్దామనుకున్నాయి. రూపాయిని అందరికంటే చివర వదిలిన ఒమన్, 2006లో అందరికంటే ముందు తప్పుకుంది. 2009లో యూఏఈ కూడా వద్దంది. ఆ ఉమ్మడి నోటు ఇప్పటికీ రాలేదు. రాకపోవడమే మేలని నా అభిప్రాయం.