అన్న ఊళ్ళో, తమ్ముడు పట్నంలో

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. తీరిక చూసుకుని చదవండి. మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక దిద్దుకున్నాము. తప్పులుంటే ఎప్పటిలాగే సరిచేయండి.

పోయిన సమావేశంలో ఒక తల్లి అడిగిన మాట మమ్మల్ని వదలడం లేదు. ఆమె చిన్న కొడుక్కి 27 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. ఏదో జ్వరమని రక్తం చూపించుకుంటే షుగరు బయటపడింది. ‘మా ఇంట్లో ఎవరికీ లేదు. వీడి అన్న ఇక్కడే పొలం చేసుకుంటున్నాడు, వాడికీ లేదు. ఒక్క కడుపున పుట్టినవాళ్ళే కదా, వీడికే ఎందుకు వచ్చింది?’ అని ఆమె అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు, పత్రికలు తిరగేస్తే, సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుని మన దేశంలో పెద్ద పరిశోధన జరిగిందని తెలిసింది. ఆ చరిత్రే ఈ రోజు చెప్పదలచుకున్నాము.

ముందు మన ఊరి సంగతి. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చినప్పుడు ‘అప్పర్ గోదావరి’ జిల్లా ఏర్పడింది. దానికి ముఖ్య పట్టణం మన సిరొంచ. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం వైపు మద్రాసు రాజధానిలోకి పోయింది, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా వచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా మన ఇళ్ళలో తెలుగు పోలేదు. జిల్లా ఆఫీసుకు పోవాలంటే ఉత్తరానికి, పెళ్ళి సంబంధానికి ప్రాణహిత దాటి దక్షిణానికి. పిల్లల బతుకుతెరువు కూడా ఈ రెండు దారుల్లోనే సాగింది, అటు నాగపూరు, ఇటు హైదరాబాదు. మేము బల్లార్షాలో టికెట్ల కిటికీ వెనక కూర్చున్న రోజుల్లో ఈ రెండు ఊళ్ళకు టికెట్లు తీసుకున్న మన కుర్రాళ్ళను ఎంతమందిని చూశామో లెక్క లేదు. ఎక్కువమంది సన్నగా, ఎముకలు కనబడేలా ఉండేవాళ్ళు. రెండేళ్ళకు పండక్కి వస్తే బుగ్గలు నిండి ఉండేవి. ‘పట్నం నీళ్ళు పడ్డాయిరా’ అని మేమే మెచ్చుకునేవాళ్ళం.

ఇప్పుడు పరిశోధన సంగతికి వద్దాం. షుగరు జబ్బు ముసలివాళ్ళదని, డబ్బున్నవాళ్ళదని మన పెద్దల నమ్మకం. 2001లో అచ్చయిన జాతీయ పట్టణ మధుమేహ సర్వే ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఆరు మహానగరాల్లో, 20 ఏళ్ళు దాటిన 11,216 మందిని పరీక్షించింది. ఆరింటిలో మొదటి స్థానం హైదరాబాదుది, 16.6 శాతం. చెన్నై 13.5 శాతం. ఇంకో విషయం కూడా ఉంది. నలభై ఏళ్ళ లోపువాళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు 4.6 శాతమే. కానీ గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే మామూలు కంటే ఎక్కువ చూపించి, ఇంకా షుగరు అని పేరు పడనివాళ్ళు 12.8 శాతం. అంటే జబ్బు గుమ్మంలో నిలబడ్డ కుర్రాళ్ళు, లోపలికి వచ్చేసినవాళ్ళకు దాదాపు మూడింతలు. అప్పటి ఆ కుర్రాళ్ళు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉన్నారు.

పట్నంలో ఎక్కువని తేలింది సరే. మరి పట్నమే కారణమా, లేక పట్నానికి పోయేవాళ్ళే వేరే రకమా? కులం వేరు, తిండి వేరు, వంశం వేరు అయితే ఎలా పోల్చడం? దీనికి 2005 నుంచి 2007 వరకు జరిగిన భారత వలస అధ్యయనం మంచి ఉపాయం పట్టింది. లక్నో, నాగపూరు, హైదరాబాదు, బెంగళూరు అనే నాలుగు నగరాల్లోని ఫ్యాక్టరీలకు వెళ్ళారు. పల్లె నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్నవాళ్ళను, వాళ్ళ భార్యనో భర్తనో పరీక్షించారు. ‘ఊళ్ళో ఉండిపోయిన మీ అన్ననో, తమ్ముణ్ణో, అక్కనో, చెల్లెలినో పిలిపించండి’ అని అడిగి వాళ్ళనూ పరీక్షించారు. ఒకే తల్లి కడుపు, ఒకే చిన్ననాటి పళ్ళెం, తర్వాత దారులు వేరు. మొత్తం 6,500 మందికి పైగా. నాలుగు నగరాల్లో రెండు మన పిల్లలు పోయేవే, గమనించండి.

2010లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళ లెక్క చెబుతాము. ఎత్తుకు తగిన బరువు దాటి, ఆ సూచిక 25 మించినవాళ్ళు పల్లెలో 19 శాతం, పట్నానికి వలస పోయినవాళ్ళలో 37.8 శాతం, పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్ళలో 41.9 శాతం. షుగరు పల్లెలో 6.2 శాతం, వలస పోయినవాళ్ళలో 14.3 శాతం, పట్నంవాళ్ళలో 13.5 శాతం. అంటే షుగరు విషయంలో వలస పోయినవాడు పట్నంవాడితో సమానమైపోయాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళతో పోలిస్తే రెండింతలకు పైన. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇది సగం జవాబు. ఒకే రక్తమైనా బతుకు మారితే లెక్క మారుతుంది.

అదే సమాచారాన్ని మళ్ళీ పరిశీలించి, పట్నంలో ఎన్నేళ్ళు గడిపితే ఏమవుతుందో కూడా చూశారు. ముందు ఒంట్లో కొవ్వు త్వరగా పెరుగుతుంది. రక్తపోటు లాంటి మిగతావి దాని వెనక నెమ్మదిగా వస్తాయి. మేము ‘పట్నం నీళ్ళు పడ్డాయి’ అని మెచ్చుకున్న బుగ్గలు అవే.

ఒక గుమాస్తాగా ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఇది ఒక్కసారి తీసిన కొలత. ఒక రోజు క్యాష్ బుక్కు చూసి ఏడాది లెక్క మొత్తం చెప్పలేము కదా. పైగా వాళ్ళు జీతం, కుర్చీ ఉన్న ఫ్యాక్టరీవాళ్ళు. మన పిల్లల్లో రాత్రి కాపలా కాసేవాళ్ళు, బండి మీద పార్సిళ్ళు అందించేవాళ్ళు, హోటల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ లెక్క వేరుగా ఉండొచ్చు. అయినా దారి ఎటు పోతోందో తెలుస్తోంది.

మిగతా సగం జవాబు పొట్టలో ఉన్నప్పటి సంగతిలో ఉంది. పుణెలో కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి చుట్టుపక్కల ఆరు పల్లెల్లో గర్భిణులను, వాళ్ళ పిల్లలను గమనిస్తూ వచ్చింది. మన పిల్లలు పుట్టినప్పుడు ఇంగ్లండు పిల్లల కంటే చాలా తేలిక. కానీ కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. దీన్ని తన ఒంటి మీదే చూపించాడాయన. 2004లో ఒక ఇంగ్లీషు స్నేహితుడి పక్కన నిలబడి ఫోటో అచ్చు వేయించాడు. ఇద్దరికీ బరువు సూచిక ఒక్కటే, 22.3. ఆ స్నేహితుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, ఈయన ఒంట్లో 21.2 శాతం. కాబట్టి ‘మావాడు సన్నగానే ఉన్నాడు, వాడికేం’ అనే మాట మానుకుందాం. బరువు కంటే నడుము చుట్టుకొలత ఎక్కువ నిజం చెబుతుంది.

అయితే ఇది తలరాత కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు ఆ నగరం దగ్గరి 29 పల్లెల్లో ఒక పని చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు రోజూ ఉప్మా అందేలా చూశారు. 14 పల్లెల్లో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో ఇది అచ్చయింది. అంగన్వాడీ పళ్ళెంలో పడే గరిటెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత గుండెకు సాయం చేస్తుందంటే, మన ఊళ్ళో అంగన్వాడీ తలుపు తెరిచిందా లేదా అని అడగడం కూడా సంఘం పనే.

‘అయితే పట్నం వద్దు, ఊరికి వచ్చేయండి’ అంటారా? ఊరూ పాత ఊరు కాదు. మన జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో మొదలుపెట్టిన ‘సర్చ్’ సంస్థ పుట్టిన పసికందుల ప్రాణాలు ఇంటి దగ్గరే కాపాడి ప్రపంచానికి దారి చూపింది. అదే సంస్థ 86 పల్లెల్లో చావుల కారణాలు లెక్కపెట్టింది. 2015లో అచ్చయిన ఆ లెక్కలో మొదటి కారణం పక్షవాతం, 14 శాతానికి పైన. మలేరియా అనుకునే గడ్చిరోలిలో ఇదీ సంగతి. పక్షవాతం వెనక రక్తపోటు, దాని వెనక ఖర్రా, పొగాకు, సారా ఉంటాయి. పాన్ డబ్బా దగ్గర పదిహేనేళ్ళ పిల్లవాడు ఖర్రా కట్టించుకుంటుంటే చూసి పక్కకు తిరిగి పోతున్నాము కదా, అందరమూ.

ఇక మా సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా ఇతరులకు నీతులు చెప్పడం తప్పు. మాకు 41వ ఏట ఉద్యోగపు వైద్య పరీక్షలో షుగరు తేలింది. ఇంట్లో రెండేళ్ళు చెప్పలేదు. ఆడపిల్లకు సంబంధాలు వస్తున్నాయి, ‘వాళ్ళ నాన్నకు షుగరట’ అంటే వెనక్కి పోతారని భయం. మాత్రలు ఆఫీసు సొరుగులో పెట్టుకుని, సెలవు రోజుల్లో మింగేవాళ్ళం కాదు. కాలికి బొబ్బ వచ్చింది, మానలేదు, ఒక వేలు పోయింది. పిల్ల పెళ్ళి ఆగలేదు. ఆ వియ్యంకుడికీ షుగరు ఉందని తర్వాత తెలిసింది. ఆయనా దాచాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము. వేలు మాత్రం తిరిగి రాదు.

ఆ రోజు సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట ఇదే కాబట్టి చెబుతున్నాము. ‘పరీక్షలు పెడితే పిల్లల పేర్లు బయటికి పోతాయి, సంబంధాలు చెడుతాయి’ అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు, మేము అదే భయంతో బతికినవాళ్ళమే. కానీ ప్రభుత్వం ఊరూరా చేసే పరీక్షలు 30 ఏళ్ళు నిండినవాళ్ళకే. మన కుర్రాళ్ళు 20కి ఇల్లు వదులుతున్నారు. ఆ పదేళ్ళు వాళ్ళను ఎవరూ చూడడం లేదు. కొవ్వు ముందు చేరేది ఆ పదేళ్ళలోనే.

అందుకని మా మనవి. ఈ దసరాకు పిల్లలు ఊరికి వస్తారు. సంఘం ఏటా పెద్దవాళ్ళకు పెట్టే వైద్య శిబిరంలో 20 దాటిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెడదాం. ఒక టేపు, ఒక బీపీ మిషను, పరగడుపు రక్త పరీక్ష చాలు. పరగడుపున 126 గాని, అంతకు మించి గాని ఉంటే మళ్ళీ ఒకసారి చూపించుకోవాలి. కాగితం మీద పేరు వద్దు, నంబరు వేద్దాం, ఫలితం వాళ్ళ చేతికే ఇద్దాం. ఆ పుస్తకం మేము రాస్తాము. ముప్పై ఏళ్ళు క్యాష్ కట్టినవాళ్ళం, ఒక్క నంబరూ బయటికి పోదు.

ఆ తల్లికి ఒక మాట. అమ్మా, నీ పెంపకంలో తప్పు లేదు, నీ రక్తంలోనూ లేదు. నీ కొడుక్కి తొందరగానే తెలిసింది. వాడు దాచకుండా నీకు చెప్పాడు. 41 ఏళ్ళ వయసులో మాకు లేని ధైర్యం 27 ఏళ్ళ వాడికి ఉంది. వాణ్ణి శిబిరానికి తీసుకురా, పక్కన అన్ననూ కూర్చోబెట్టు. ఇద్దరినీ చూద్దాం.

ఉంటాము.