ముందు గాలి సంగతి

వనపర్తిలో దుకాణం షట్టరు ఇంకా సగమే లేచింది. నేనూ మా బావమరిదీ వంగి లోపలికి చూస్తున్నాం. తెల్లారకముందే గద్వాలలో బయల్దేరి, ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరులో చాయ్ తాగి వచ్చాం. గోడకు స్ప్రే గన్లు వరసగా వేలాడుతున్నాయి. కొన్నింటికి పైన ప్లాస్టిక్ కప్పు, కొన్నింటికి కింద అల్యూమినియం డబ్బా. నా చూపంతా నిగనిగలాడే ఒక్కదాని మీదే. హెచ్‌వీఎల్‌పీ అని దాని ఒంటి మీద చెక్కి ఉంది.

"ఏం కొడతరన్నా దీంతోని?" దుకాణదారు అడిగాడు.

"కారు. ఇంటికాడనే. మారుతీ 800."

"కంప్రెసర్ ఎంతది?"

"ఒకటే హెచ్‌పీ. 24 లీటర్ల ట్యాంకు."

గన్ను కోసం చాచిన చేయి వెనక్కి వచ్చింది. "అయితే ఇది మీకొద్దు. దీనికి మీ గాలి సాలదు."

అమ్ముకునేవాడే వద్దంటే వినాలి. ఈ రకం గన్ను మూతి దగ్గర పీడనం 10 పీఎస్‌ఐ దాటదు. తక్కువ ఒత్తిడి, ఎక్కువ గాలి. రంగు పొగలా ఎగిరిపోకుండా ఎక్కువ పాలు రేకు మీదే పడేది అందుకే. కానీ ఆ పని చేయడానికి నిమిషానికి 10, 12 ఘనపుటడుగుల గాలి తాగుతుంది. మా బావమరిది పంక్చర్ల కోసం కొన్న కంప్రెసర్ మూడు నాలుగు ఇస్తే గొప్ప. సగం తలుపు కొట్టేసరికి గాలి సన్నగిల్లి, రంగు చుక్కలు చుక్కలుగా పడి, రేకంతా నారింజ తొక్క అవుతుంది.

ఆయన ఇంకో రెండు తీశాడు. తక్కువ గాలితో నడిచే ఎల్‌వీఎల్‌పీ రకం, 1.3 నాజిల్. లప్పం మీద కొట్టే చిక్కటి ప్రైమర్‌కు 1.7 కావాలి. అయితే ప్రైమర్‌ను ఎలాగూ ఉప్పు కాగితంతో రుద్దేస్తాం కదా, దానికి ఉన్నవాటిలో అగ్గువది చాలు. పైసలు పెట్టాల్సింది రంగు కొట్టే గన్ను మీదే.

"కొట్టి చూపియ్" అన్నాడు బావమరిది.

అట్టపెట్టె చింపి గోడకు ఆనించారు. కప్పులో కాస్త పల్చటి రంగు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి వదిలాడు. అట్ట మీద మచ్చ నిలువుగా, రెండు కొసలా సమానంగా సన్నబడాలి. ఇది అరటిపండులా వంకర తిరిగింది. మూతి దగ్గరి ఇత్తడి టోపీని సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టాడు. వంకర ఇటు నుంచి అటు మారింది. అంటే తప్పు టోపీ బెజ్జాల్లోనే. తిప్పినా వంకర అటే ఉండి ఉంటే నాజిల్‌నో సూదినో అనుమానించాలి. రెండో గన్ను మచ్చ నిటారుగా పడింది. అది తీసుకున్నాం. మొదట చూసిన నిగనిగలాడే గన్నుకు ఇవ్వాల్సిన దాంట్లో మిగిలిన డబ్బుతో గాలిలో నీళ్లు పట్టే వాటర్ ట్రాపు, బొగ్గు ఫిల్టర్ మాస్కు వచ్చాయి.

హార్డ్‌నర్ కలిపే రంగు కూడా చూపించాడు. మెరుపు ఎక్కువ, మన్నిక ఎక్కువ. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు తగిలితే ఆస్తమా పట్టుకుంటుంది. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డు పని అది, పెరటి పని కాదు. హార్డ్‌నర్ అక్కర్లేని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) తెలుపు చాలన్నాను. మెటాలిక్ రంగైతే ఇంత చిన్న గాలితో మచ్చలు తేలేవి. తెలుపు చాలా తప్పులు దాస్తుంది.

మర్నాడు తొమ్మిదింటికి గద్వాలలో మా పెరట్లో బండి. ఏపీ 22 నంబరు, మేమింకా పాలమూరు జిల్లాలో ఉన్నప్పటిది. 2016లో జిల్లా మారింది, బండి మాత్రం పాత నంబరుతోనే తిరుగుతోంది. మంచు ఆరేదాకా ఆగాం. తేమ మీద కొడితే ఎన్‌సీ రంగు మసకబారుతుంది. దుమ్ము లేవకుండా నేల తడిపాం. మాస్కు బిగిస్తుంటే నవ్వొచ్చింది. డాక్టర్ అలెన్ డెవిల్‌బిస్ గొంతులో మందు చల్లడానికి చేసిన సాధనమే, ఆయన కొడుకు థామస్ చేతిలో రంగు గన్ను అయింది. అది చల్లే రంగు నుంచి నేనిప్పుడు గొంతు దాచుకోవాలి.

జానెడు లోపు దూరం. మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం జరపాలి. మొదటి పట్టీ పడింది. రెండోది దాని మీదికి సగం ఎక్కాలి. గోడ అవతల నుంచి మగ్గం నేసే పెద్దయ్య తొంగి చూస్తున్నాడు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే చేతులవి.

"అతుకు కనవడ్తలేదు గానీ, ఆ గొళ్లెం కాడ చూడు" అన్నాడు.

తలుపు పిడి కింద ఒక బొట్టు బరువెక్కి మెల్లగా కిందికి జారుతోంది. అక్కడ చేయి ఒక్క క్షణం ఆగింది మరి. తుడవబోయాను. "ముట్టకు బావా! ఆరనీ. వాటర్ పేపర్ పెట్టి రుద్దుదాం" అని అరిచాడు బావమరిది. వెనక గేజీ ముల్లు 40కి పడిపోయింది, కంప్రెసర్ గుర్రుమంటూ అందుకుంటోంది. ట్రిగ్గర్ వదిలేసి, ట్యాంకు నిండేదాకా ఆ ధార ఎంతవరకు జారుతుందో చూస్తూ నిలబడ్డాం.