తెలుగు పోర్టళ్లలో స్థిరపుటల చేర్పు: చారిత్రక పరిశీలనము

దేశచరిత్ర రచన కాధారములగు వానిలో శాసనములకును, గ్రామ కవిలెలకును నడుమ నొక ముఖ్యభేదము కలదు. శాసనము ఒక్కమారు చెక్కబడినది. ఎవ్వరెన్నడు చదివినను అదియే పాఠము. కవిలె యట్టిది కాదు. కరణములు దానిని జీర్ణమైనప్పుడెల్ల తిరిగి వ్రాసిరి, క్రొత్త సంగతులు చేర్చిరి. మెకంజీ కైఫీయతుల కాధారమైన కవిలెలను గ్రహించుటలో చరిత్రకారులు జాగరూకత వహించుటకు కారణ మిదియే. ఇట్టి భేదమే నేడు అంతర్జాలమునందును గోచరించుచున్నది. అచ్చట శాసనము వంటిది స్థిరపుట. కవిలె వంటిది పోర్టల్ అడిగినప్పుడెల్ల కూర్చి యిచ్చు చరపుట. మొదటిదానిని పోర్టల్‌లో చేర్చు పద్ధతి తెలుగున ఎట్లు పెరిగినదో, దానివలన పరిశోధకునకు కలుగు ప్రయోజనమేమో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

స్థిరపుట యనగా ముందుగా హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులతో వ్రాసి, సర్వరునం దొక ఫైలుగా నిలిపిన పుట. చదువరి కోరినప్పుడు సర్వరు దానిని ఉన్నదున్నట్లు పంపును. చరపుటకు అట్టి ఫైలు లేదు. కోరిన క్షణమున డేటాబేసు నుండి అంశములు తీసి, మూసలో పోసి, పుటను కల్పించును. 1991లో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థయందు టిమ్ బెర్నర్స్-లీ లోకమునకు వెల్లడించిన వెబ్‌లో తొలిపుటలు స్థిరపుటలే. 1993లో సెర్న్ ఆ సాధనమును ఎల్లరకు ఉచితముగా విడిచిన పిదప అది వేగముగా వ్యాపించెను. భారతదేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు అంతర్జాల సేవ నారంభించెను. వార్తలను, సేవలను, శోధనను ఒక్కచోట నందించు పోర్టళ్లు ఆ దశాబ్ది యుత్తరార్ధమున వెలసినవి. వార్త మారును, ధర మారును. కాని సంస్థ పరిచయము, స్థలచరిత్ర, ప్రాచీన గ్రంథపాఠము నిత్యము మారునవి కావు. అందుచే పోర్టళ్లలో స్థిరపుటలకు చోటు తప్పలేదు.

తెలుగునకు కలిగిన మొదటి యిబ్బంది లిపి. యూనికోడ్ ప్రమాణమున 1991లోనే తెలుగునకు స్థానమేర్పడినను, సామాన్య కంప్యూటర్లు దానిని చూపజాలకపోయెను. 2001లో విండోస్ ఎక్స్‌పి ‘గౌతమి’ ఖతితో వచ్చిన పిదపనే ఆ సౌకర్యము విరివిగా లభించెను. అంతవరకు నున్నవి రెండు దారులు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ననుసరించి రోమక లిపిలో తెలుగు వ్రాయుట ఒకటి. ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు రూపములు పెట్టిన ప్రత్యేక ఖతులను వాడుట రెండవది. పలు దినపత్రికలు ఎవరి ఖతి వారు చేసికొని రెండవ దారిని నడచినవి. ఆ ఖతి లేని యంత్రమున వాని పుటలు అర్థరహితములైన రోమక వర్ణముల కుప్పలుగా కనబడెను. ఫైలు నిలిచినది, పాఠము నిలువలేదు. వెన్న నాగార్జున రచించిన ‘పద్మ’ యను ఉపకరణము అట్టి పాఠములను యూనికోడ్‌లోనికి మార్చి, చదువదగినవిగా చేసెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వీరే. రోమక పద్ధతిలో వ్రాసినవి చూపునకు ఇంపుగా లేకున్నను, నియమము తెలిసినవారు వానిని నేటికిని చదువగలరు. పుటకు స్థిరత్వ మిచ్చునది ఫైలు మాత్రమే కాదు, ఎల్లరెరిగిన లిపిసంకేతమని దీనివలన తేలుచున్నది.

రెండవ సమస్య చిరునామా. 1996లో నెట్‌స్కేప్ బ్రౌజరు ‘ఫ్రేములు’ అను కూర్పును ప్రవేశపెట్టెను. దానియందు పోర్టల్ పట్టిక ఒక గడిలోను, స్థిరపుట మరియొక గడిలోను కనబడును. పాతపుటను ముట్టకయే పోర్టల్‌లో చేర్చవచ్చును గనుక నిర్వాహకులకిది సులువు. కాని పైనుండు చిరునామా పోర్టల్‌దే. లోపలి పుటది కనబడదు. దానిని ఉదాహరించు పరిశోధకుడు గ్రంథాలయము పేరు చెప్పి, గ్రంథము పేరు చెప్పనివాడగును. 2014 నాటి హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రమాణము ఆ కూర్పును పరిహరించెను. దీనికి భిన్నముగా మెచ్చదగిన తెలుగు దృష్టాంతము ఆంధ్రభారతి. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు గార్లు రూపొందించిన ఈ స్థలమున శతకములు, ఇతిహాసములు, కథలు స్థిరపుటలుగా, వర్గమున కొక సంచిగా అమర్చబడినవి. నిఘంటుశోధన వంటి చరభాగము వేరు. నిలుచునది ఒకచోట, మారునది వేరొకచోట నుండుటచే ప్రతి కృతికిని తనదైన చిరునామా యేర్పడినది.

మూడవ సమస్య కాలము. గ్రామచరిత్రల యందిది మిక్కిలి ప్రబలము. విజయవాడ నుండి మచిలీపట్నము పోవు రహదారిపై నున్న కంకిపాడును తీసికొందము. ‘కంకిపాడు కృష్ణా జిల్లాలోనిది’ అను వాక్యము నేటికిని నిజమే. కాని ఆ జిల్లా యెంత? 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి దానినుండి విడిపోయినవి. 2022 ఏప్రిల్ 4న విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. వాక్యము మారలేదు, దాని యర్థము మారినది. ‘కంకిపాడు శాసనసభా నియోజకవర్గము’ అను మాట మరింత చిక్కైనది. 2008 నాటి పునర్విభజనతో ఆ నియోజకవర్గము రద్దయి, 2009 ఎన్నికలనాటికి కంకిపాడు పెనమలూరు నియోజకవర్గమున చేరెను. తేదీ లేని పుట ఈ దశల నన్నింటిని ఒక్క వర్తమానముగా చూపి చదువరిని త్రోవ తప్పించును. తేదీ కలదైనచో, 2007 నాటి పుట నేటికి పాతదైనను అసత్యము కాదు. అది 2007కు సాక్ష్యము. ఆ పుటలో పాతమాటను తుడిచి ‘పెనమలూరు’ అని వ్రాసిన నిర్వాహకుడు వర్తమానమును దిద్ది, సాక్ష్యమును చెరపినవాడగును.

అయినను స్థిరపుటలెల్ల శాసనములనియు, చరపుటలెల్ల కవిలెలనియు సిద్ధాంతీకరింపరాదు. వికీపీడియా పుటలు డేటాబేసు నుండి కల్పింపబడునవే. కాని ప్రతి మార్పును తేదీతో భద్రపరచి, ప్రతి పాతప్రతికిని చిరునామా యిచ్చుటచే, పాఠపరిణామమును తెలిసికొనుటకు అవి తేదీ లేని స్థిరపుటకంటె మేలైన ఆధారములు. మరియొకవంక, స్థిరపుటయు తన కాశ్రయమిచ్చిన స్థలముతో కూలవచ్చును. ఉచితముగా పుటలకు చోటిచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడగా, లక్షల పుటలు చిరునామాలు కోల్పోయినవి. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు కొన్నింటిని దక్కించినవి.

కావున పోర్టల్‌లో స్థిరపుట చేర్చువారు పాటింపవలసినవి నాలుగు. పాఠమును యూనికోడ్‌లో, యు.టి.ఎఫ్-8 సంకేతమున నిలిపి, ఆ సంగతి పుట తలభాగమున ప్రకటింపవలెను. పుటకు సొంత చిరునామా యిచ్చి, పోర్టల్ పట్టికనుండి దానికి లంకె వేయవలెను. రచనాకాలమును పుటలోనే తెలుపవలెను. సంగతి మారినప్పుడు పాతపుటను చెరపక, క్రొత్తదానిని ప్రక్కన నిలిపి, రెంటిని లంకెలతో కలుపవలెను. పోర్టల్ తలపట్టీని, పాదపట్టీని వేరు ఫైళ్లుగా నుంచి ప్రతి పుటలో చొప్పించినచో, పోర్టల్ వేషమెన్నిమార్లు మారినను పాఠము చెక్కుచెదరదు.

క్రొత్తకవిలె వ్రాసిన కరణము పాతదానిని గూడ దాచియుండినచో, నేడు గ్రామచరిత్ర రచన యెంత సుకరమై యుండెడిదో ఊహింపవచ్చును. తాటాకు చెదలు పట్టును, చోటు చాలదు. కనుక ఆతనిని తప్పుపట్టలేము. ఒక పుట నిలుపుటకు కొద్దిపాటి చోటు చాలిన నేటి నిర్వాహకులకు మాత్రము ఆ సాకు లేదు.