అనుభవదారు గడి

రైతులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము గురించి ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. ముప్ఫై ఏళ్ళు రెవెన్యూ శాఖలో పహాణీలు తిరగేసినవాడిని. నాకు తెలిసింది ఆ గడుల కథే.

2018 మే 10న హుజూరాబాద్ వద్ద రైతుబంధు ప్రారంభమైంది. ఎకరాకు వానాకాలంలో 4,000, యాసంగిలో 4,000 రూపాయలు. 2019 నుండి అది 5,000 చొప్పున అయింది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో పట్టాదారుగా తేలినవారికే సొమ్ము. కౌలుదారులు ఏటా మారతారు, వారికి రికార్డు ఉండదు అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

వినడానికి సబబుగానే ఉంటుంది. కాని రికార్డు ఎందుకు లేదు? పహాణీలో పట్టాదారు గడితో పాటు అనుభవదారు గడి కూడా ఉండేది. 1954-55 ఖాస్రా పహాణీ నాటినుండి ఉన్నదే. ఆజమాయిషీకి వెళ్ళి, చేను గట్టున నిలబడి, ఏ పంట, ఎవరి సాగు అని చూసి నింపాలన్నది నియమం. మనలో మనకు దాపరికమెందుకు, చాలా పహాణీలు ఎవరింటి అరుగు మీదో పూర్తయ్యాయి. పైగా 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. 1970లలో 38-ఇ సర్టిఫికెట్లు వచ్చాయి. అవి చూశాక పెద్ద భూస్వామి మొదలు రెండెకరాల ఆసామి వరకు కౌలుదారు పేరు కాగితం మీద పడనివ్వలేదు. ఆ గడిలో "స్వంత సాగు" అని వ్రాయించేవారు.

నేనూ వ్రాయించాను. మా ఊళ్ళో నాకు 3 ఎకరాలుంది. ఉద్యోగరీత్యా ఊరు వదిలాక ఒకాయనకు కౌలుకిచ్చాను. ఆయన పేరు ఎక్కించనా అని గ్రామ అధికారి అడిగితే, వద్దన్నవాడిని నేనే.

2018లో నా పేర 12,000 చెక్కు వచ్చింది. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, అప్పూ ఆయనదే. సగం తీసుకోమని ఇవ్వబోతే, "భూమి మీది, పైసలు మీయి. కౌలు జర తగ్గించుండ్రి సారూ, సాలు" అన్నాడు. ఆ ఏడు తగ్గించాను. మరుసటి ఏడు పంటకు 15,000 నేరుగా బ్యాంకులో పడింది. అప్పుడు తగ్గించలేదు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చింది. కాని సాగుదారు పత్రం రావాలంటే యజమాని సంతకం పెట్టాల్సి ఉండేది. నాలాంటి యజమానులు అక్కడా ఉంటారు కదా! తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది. అందులో అనుభవదారు గడే లేకపోయింది.

ఆయన 2021లో నా భూమి వదిలేశాడు. ఈ వ్యాసం కోసం పాత పహాణీ నకళ్ళు తీయించి చూశాను. పదకొండేళ్ళు దున్నిన మనిషి పేరు ఒక్క ఏడాది గడిలో కూడా లేదు.