తెలుగు ప్రాంతంలో ప్రభుత్వ ప్రసారాలు

తెలుగువారికి సర్కారీ రేడియో రెండు వైపుల నుంచి వచ్చింది. హైదరాబాదులో 1933లో ప్రైవేటుగా మొదలైన చిన్న కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. కోస్తా, రాయలసీమ శ్రోతలకు 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు ఆలిండియా రేడియో కేంద్రమే దిక్కు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది.

ఏలుబడి మారడాన్ని జనం రేడియోలోనే విన్న రోజు 1948 సెప్టెంబరు 17. నిజాం పక్షాన పోరాడిన రజాకార్ల ప్రచారం మోగిన ఆ దక్కన్ రేడియో మైకు ముందుకే వచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత సైన్యంతో పోరులో కాల్పుల విరమణ ప్రకటించాడు. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసిపోయింది.

రాయలసీమలో పుట్టపర్తి వంటి కరవు పల్లెలకు దగ్గరి గొంతు 1963లో మొదలైన కడప కేంద్రం. అనంతపురం కేంద్రం చాలా తర్వాతిది. వేరుశనగ రైతుకు కావలసింది వాన కబురు, విత్తనం మాట, అంగడి ధర. ఢిల్లీలో ఎవరున్నా అవి ఆగలేదు. రంగు మారేది వార్తలకే.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి రాగానే సమాచార శాఖ ఐ.కె.గుజ్రాల్ నుంచి వి.సి.శుక్లా చేతికి వెళ్ళింది, ప్రతిపక్షం రేడియోలో దాదాపు మాయమైంది. 1977లో గెలిచిన జనతా ప్రభుత్వం వర్గీస్ కమిటీని వేసింది. ప్రసారాలకు స్వతంత్ర సంస్థ కావాలని ఆ కమిటీ సిఫారసు చేసింది, బిల్లు మాత్రం గట్టెక్కలేదు. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది.

జనతా హయాంలో ఆగిన ఆ స్వతంత్ర సంస్థ పని పూర్తిచేసిన మంత్రులిద్దరూ తెలుగువారే కావడం విశేషం. తెలుగుదేశం నాయకుడు పి.ఉపేంద్ర 1990లో ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించారు. ఏడేళ్ళు అది కాగితం మీదే ఉండిపోయింది. 1997లో ఎస్.జైపాల్‌రెడ్డి అమల్లోకి తెచ్చారు. సంస్థ ఆ ఏడాది నవంబరు 23న ఏర్పడింది.

చట్టం ప్రకారం ప్రసార భారతి స్వయంప్రతిపత్తి గల సంస్థే. సిబ్బంది జీతాలకు మాత్రం నేటికీ కేంద్ర ప్రభుత్వ నిధులే ఆధారం.