సియెర్రా నెవాడా వాలుపై క్షీరదాల లెక్క
యానీ అలెగ్జాండర్ విరాళంతో 1908లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణంలో వెలసిన సకశేరుకాల, అంటే వెన్నెముక గల ప్రాణుల, మ్యూజియానికి తొలి డైరెక్టరైన జోసెఫ్ గ్రినెల్, 1914లో సహచరులతో కలిసి సియెర్రా నెవాడా పర్వతాలను పడమటి మైదానం నుంచి యోసెమిటీ మీదుగా తూర్పున మోనో సరస్సు దాకా పరిశీలించే పని చేపట్టాడు. ఎత్తు పెరిగేకొద్దీ ఓక్ చెట్లు, పైన్ అడవులు, చివరికి చెట్లే మొలవని శిఖరాలు వరుసగా ఎదురవుతాయి గనుక, ఏ క్షీరదం ఏ ఎత్తులో మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ దారిలో తేటతెల్లమవుతుంది.

సాయంత్రం పెట్టిన ఉచ్చుల్లో తెల్లవారేసరికి పడిన ఎలుకలను కొలిచి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి, పుర్రెను విడిగా శుభ్రపరచి, చోటూ తేదీ రాసిన చీటీని కాలికి కట్టేవారు. ప్రాణులను చంపి పోగేసే ఈ పద్ధతి నేటివారికి కటువుగా తోచడం సహజమే. అయితే చర్మాలకన్నా విలువైనవి, ఏ రాత్రి ఎన్ని ఉచ్చులు పెట్టారో సైతం నమోదైన నోటుపుస్తకాలు. వాటి ఆధారంగానే అదే మ్యూజియం పరిశోధకులు 2003 నుంచి ఆ చోట్లను తిరిగి వెదికి, 28 చిన్న క్షీరద జాతుల్లో సగానికి ఎత్తు హద్దులు సగటున దాదాపు 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో వెల్లడించారు.