ముప్పై డిగ్రీల గీత వెనుక మేస్టారు

ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదివినవాళ్లకు డ్రాయింగ్ హాలు గుర్తుండే ఉంటుంది. బోర్డుకు షీటు అంటించి, మినీ డ్రాఫ్టర్‌ను 30 డిగ్రీలకు తిప్పి అటొక గీత, ఇటొక గీత, నడుమ నిలువు గీత. కాసేపటికి కాగితం మీద దిమ్మ లేచి నిలబడేది. ఆ 30 డిగ్రీలు ఎక్కడివో మాత్రం మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

అవి కేంబ్రిడ్జిలో ఓ ఆచార్యుడి అవసరంలోంచి పుట్టాయి. పేరు విలియం ఫారిష్. 1794లో అక్కడ రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. బ్రిటన్‌లో పరిశ్రమలు ఉరకలు వేస్తున్న రోజులవి. ముఖ్యమైన యంత్రాలన్నిటినీ తరగతిలో నడిపి చూపాలన్నది ఆయన పట్టుదల. దేనికది నమూనా చేయించి దాచాలంటే గదులు చాలవు. అందుకని ఒకదాంతో ఒకటి అమరే ఇత్తడి పళ్ల చక్రాలు, ఇరుసులు, కడ్డీలు, బిగింపులు సమకూర్చుకున్నాడు. ఇవాళ బిగించిన యంత్రాన్ని పాఠం కాగానే విప్పేస్తే, అవే ముక్కలతో రేపటి యంత్రం తయారు.

బిగించేది సహాయకులు. పైనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి బొమ్మలిస్తే, వాటిని మనసులో కలుపుకోవడం వాళ్లకు కష్టం. పర్‌స్పెక్టివ్ బొమ్మ కంటికి ఇంపుగా ఉంటుంది గానీ, వెనకున్న చక్రం చిన్నదైపోతుంది, స్కేలు పెట్టి కొలవలేం. చూడగానే అర్థమవ్వాలి, కొలవడానికీ పనికిరావాలి. అలాంటి పద్ధతిని ఫారిష్ 1822లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ సంపుటంలో వివరించాడు. ఆ సొసైటీకి తొలి అధ్యక్షుడూ ఆయనే.

లూడో పాచిక చేతిలోకి తీసుకోండి. ఒక మూలను కంటికి సూటిగా పెట్టి, ఎదురు మూల దాని చాటున పడేలా చూడండి. మూడు ముఖాలూ సమానంగా కనిపిస్తాయి, చుట్టూ అంచు షడ్భుజి అవుతుంది. ముందున్న మూల నుంచి మూడు గీతలు 120 డిగ్రీల ఎడంతో బయలుదేరతాయి. ఒకదాన్ని నిలువుగా నిలిపితే, తక్కిన రెండూ అడ్డగీతకు 30 డిగ్రీల్లో ఉంటాయి. మూడూ ఒకే లెక్కన కురచవుతాయి: 100 మి.మీ. అంచు 81.6 మి.మీ.గా కనిపిస్తుంది. 'సమాన కొలత' అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో ఈ పద్ధతికి 'ఐసోమెట్రిక్' అన్న పేరు అందుకే. తగ్గింపు అన్నిటికీ ఒకటే కాబట్టి, అసలు తగ్గించకుండా నిజమైన పొడవులతోనే గీసినా ఆకారం చెడదు, బొమ్మ 22 శాతం పెద్దదవుతుంది, అంతే.

ఈ మూడు అంచులకు సమాంతరం కాని ఏటవాలు గీతలకు ఈ లెక్క పనికిరాదు. ముఖాల మీది వృత్తం దీర్ఘవృత్తమవుతుంది. గోళం మాత్రం ఎటు చూసినా గుండ్రమే, ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో దాని వ్యాసార్ధం తగ్గదు. దాన్నీ 0.816తో గుణించి మార్కులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

1834లో థామస్ సాప్‌విత్ ఫారిష్ పద్ధతిపై ఏకంగా గ్రంథమే రాసి, గనుల పటాలకు వాడి చూపాడు. నేడు రిఫైనరీలో పైపులు బిగించే ఫిట్టరు చేతిలో 'ఐసో' అనే షీటు ఉంటుంది. దాన్ని స్కేలుకు గీయరు, కొలతలు అంకెల్లో రాస్తారు. అయినా పని అదే: బిగించేవాడికి దారి చూపడం.

డ్రాయింగ్ చెప్పే మేస్టార్లకు ఒక మనవి. డ్రాఫ్టర్ బిగించమనే ముందు ప్రతి పిల్లాడి చేతిలో, ప్రతి పిల్ల చేతిలో ఒక పాచిక పెట్టండి.